ముడతల ఇంజెక్షన్లలో మోతాదు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముఖం మీది ముడతలు తగ్గించే ఇంజెక్షన్ గురించి మాట వచ్చినప్పుడు అందరూ ముందుగా అడిగేది ‘ఎన్ని యూనిట్లు?’ అనే. ఆ అంకె ఒక్కటి తెలిసినంత మాత్రాన మోతాదు తెలిసినట్టు కాదు. అది ఏ కంపెనీ మందు, దాన్ని ఎంత సెలైన్‌లో కలిపారు, ఏ కండరంలో ఎన్ని చోట్ల వేశారు అన్న సంగతులు పక్కన లేకపోతే యూనిట్ల సంఖ్య సగం సమాచారమే అవుతుంది. ఈ పేజీలోని జవాబులు వైద్యుడితో మాట్లాడే ముందు విషయం అర్థం చేసుకోవడానికి రాసినవి. ఎవరికి వారు ఇంజెక్షన్ వేసుకోవడానికి ఇవి ఎంతమాత్రం పనికిరావు.

‘యూనిట్’ అంటే ఏమిటి? అది మిల్లీగ్రామా, మిల్లీలీటరా?

రెండూ కాదు. ఈ ఇంజెక్షన్‌లో ఉండేది బొటులినమ్ టాక్సిన్ అనే ప్రొటీను. క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా నుంచి దీన్ని తీసి శుద్ధి చేస్తారు. దీని బరువు ఎంత స్వల్పమంటే, బొటాక్స్ అనే బ్రాండు 100 యూనిట్ల వయల్‌లో (చిన్న మందు సీసాలో) ఉండే టాక్సిన్ సముదాయం సుమారు 5 నానోగ్రాములు మాత్రమే. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు. అంత చిన్న పరిమాణాన్ని తూకం వేసి మోతాదుగా చెప్పడం కుదరదు కాబట్టి, మందు ఎంత ఉందన్నది వదిలేసి అది ఎంత పని చేస్తుందన్నదాన్నే కొలతగా తీసుకున్నారు. ఎలుకల పొట్టలోకి ఎక్కించినప్పుడు వాటిలో సగం చనిపోవడానికి సరిపోయే పరిమాణాన్ని ఒక యూనిట్ అని నిర్ణయించారు. వినడానికి కటువుగా ఉన్నా, ఇన్సులిన్ వంటి మందులకు కూడా మొదట్లో జంతువుల మీద కనిపించిన ప్రభావాన్ని బట్టే యూనిట్‌ను నిర్వచించారు. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఎలుకలకు బదులు ప్రయోగశాలలో పెంచిన కణాల మీద పరీక్ష చేస్తున్నాయి.

ఇందువల్ల వచ్చిన చిక్కు ఒకటుంది. ఒక్కో కంపెనీ తన సొంత పరీక్షా పద్ధతిలో యూనిట్‌ను కొలుస్తుంది కాబట్టి ఒక కంపెనీ యూనిట్ మరో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు. కింద వచ్చే జవాబుల్లో చాలావరకు ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ఇది విషమే కదా, 20 యూనిట్లు ప్రమాదకరం కాదా?

టాక్సిన్ అన్న పేరులోనే విషం ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. నిల్వ ఆహారం పాడైనప్పుడు వచ్చే బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధికి కారణం ఈ పదార్థమే. అయితే 70 కిలోల మనిషికి ప్రాణాంతకమయ్యే మోతాదు బొటాక్స్ యూనిట్లలో సుమారు 3,000 ఉండవచ్చని కోతుల మీద జరిగిన పరిశోధనల ఆధారంగా అంచనా వేశారు. కనుబొమల మధ్య వేసే 20 యూనిట్లు దానిలో నూరో వంతు కూడా కావు. పైగా ఆ మందును రక్తనాళంలోకి ఎక్కించరు, చిన్న చిన్న భాగాలుగా చేసి కండరంలో వేస్తారు. అది అక్కడి నాడుల కొసల్లోకి వెళ్ళి, కండరాన్ని బిగించమని ఆదేశం తెచ్చే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా ఆపుతుంది. ఆదేశం అందకపోవడంతో కండరం వదులవుతుంది, దాని మీది చర్మం మడత పడటం ఆగుతుంది.

అంతమాత్రాన దీన్ని తేలికగా తీసుకోమని కాదు. టాక్సిన్ ప్రభావం ఇంజెక్షన్ వేసిన చోటి నుంచి దూరంగా వ్యాపించి మింగడంలో, ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది కలిగించవచ్చన్న తీవ్రమైన హెచ్చరికను ఈ మందుల ప్యాకింగ్ పత్రంలో పెట్టెకట్టి ముద్రించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో ఆదేశించింది. సౌందర్యం కోసం వాడే మోతాదుల్లో ఇది చాలా అరుదు. అయినా చికిత్స తర్వాత మాట ముద్దగా రావడం, గొంతు దిగకపోవడం, ఆయాసం వంటివి కనిపిస్తే రేపటిదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

ముఖంలో ఏ భాగానికి ఎన్ని యూనిట్లు వేస్తారు?

బొటాక్స్ విషయంలో ఎఫ్‌డీఏ ఆమోదించిన అంకెలు ఇవి. కనుబొమల మధ్య నిలువు గీతలకు 20 యూనిట్లు: బొమల మధ్యన ఒక చోట, రెండు పక్కలా రెండేసి చోట్ల, మొత్తం అయిదు పొడుపులు, పొడుపుకు 4 యూనిట్లు. నవ్వినప్పుడు కంటి చివర విచ్చుకునే గీతలకు ఒక్కో పక్క మూడు చోట్ల 4 యూనిట్ల చొప్పున 12, రెండు పక్కలా కలిపి 24. నుదుటి అడ్డగీతలకు అయిదు చోట్ల 20, దానితోపాటు కనుబొమల మధ్య కూడా మరో 20 వేయాలన్నది నియమం. మూడు భాగాలూ ఒకేసారి చేయించుకుంటే మొత్తం 64 యూనిట్లు.

ఈ ఆమోదాలన్నీ ఒక్కసారి రాలేదు. కెనడాలోని వాంకూవర్‌లో కంటివైద్యురాలు జీన్ కరథర్స్, 1987లో కనురెప్పల ఈడ్పుకు ఈ మందు వేస్తుండగా, కనుబొమల మధ్య గీతలు కూడా పోతున్నాయని ఒక రోగి ద్వారా గమనించారు. చర్మవైద్యుడైన భర్త అలస్టేర్‌తో కలిసి ఆ సంగతిని 1992లో ప్రచురించారు. ఎఫ్‌డీఏ కనుబొమల మధ్య గీతలకు 2002లో, కంటి చివరి గీతలకు 2013లో, నుదుటి గీతలకు 2017లో, మెడ మీద తాళ్ళలా తేలే కండర పట్టీలకు 2024లో అనుమతి ఇచ్చింది. మెడకు వాడే మోతాదు ఆ పట్టీల తీవ్రతను బట్టి 26, 31 లేదా 36 యూనిట్లు.

వీటికి బయట జరిగే చికిత్సలు చాలా ఉన్నాయి. దవడ వెడల్పు తగ్గించడానికి నమిలే కండరంలో ఒక్కో పక్క 20 నుంచి 30 యూనిట్ల వరకు వేయడం, పై పెదవి మీది సన్న గీతలకు నాలుగైదు యూనిట్లతో సరిపెట్టడం అలాంటివే. అవి వైద్యుడు తన అనుభవం మీద నిర్ణయించే మోతాదులు. ఆమోదిత మోతాదుకు ఉన్నంత పరీక్షల బలం వాటికి ఉండదు, అందుకని అలాంటి చికిత్సకు ఒప్పుకునే ముందు ఈ తేడాను వైద్యుడి నోట స్పష్టంగా చెప్పించుకోవడం మంచిది.

నాకు 20 యూనిట్లు వేశారు, మా వదినకు అదే చోట 50 వేశారు. ఎవరికి పొరపాటు జరిగింది?

బహుశా ఎవరికీ కాదు. మీకు వేసింది బొటాక్స్, ఆవిడకు వేసింది డిస్‌పోర్ట్ అనే మరో బ్రాండు మందు అయి ఉండవచ్చు. కనుబొమల మధ్య గీతలకు డిస్‌పోర్ట్ ఆమోదిత మోతాదు 50 యూనిట్లు, అయిదు చోట్ల పదేసి. జియోమిన్, జువో, లెటిబో అనే మందులకు అదే చోట 20. 2022లో ఆమోదం పొందిన డాక్సిఫై అనే మందుకు 40. అంకెలు ఇంత వేరుగా ఉన్నా అన్నీ చేసే పని దాదాపు ఒక్కటే.

కొందరు వైద్యులు ఒక బొటాక్స్ యూనిట్‌కు రెండున్నర డిస్‌పోర్ట్ యూనిట్లని లెక్క చెబుతారు. వాడుకలో అది ఉజ్జాయింపుగా పనికొస్తుంది కానీ, ఒక బ్రాండు మోతాదును మరో బ్రాండులోకి మార్చే అధికారిక సూత్రం లేదు. ఒకదాని యూనిట్లను మరోదానితో పోల్చకూడదని ప్రతి కంపెనీ ప్యాకింగ్ పత్రంలోనూ రాసి ఉంటుంది. పాత కాలంలో ఒక్కో ఊళ్ళో ఒక్కో రకం శేరు ఉండేదని పెద్దలు చెబుతుంటారు. పక్క ఊరి శేరుతో మన ఊరి బియ్యం కొలిస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే. బ్రాండు పేరు చెప్పకుండా యూనిట్ల సంఖ్య మాత్రమే చెప్పే క్లినిక్‌లో, రెండోసారి వెళ్ళే ముందు ఆ పేరు అడిగి రాసుకోండి.

మందులో సెలైన్ ఎక్కువ కలిపి పలచన చేశారేమోనని అనుమానంగా ఉంది. ఎలా తెలుసుకోవాలి?

మందు పొడి రూపంలో, వయల్ అడుగున కనీకనిపించని పొరలా ఉంటుంది. వాడే ముందు దాంట్లో ప్రిజర్వేటివ్ లేని నార్మల్ సెలైన్ కలుపుతారు. 100 యూనిట్ల బొటాక్స్ వయల్‌లో 2.5 మిల్లీలీటర్లు కలపాలన్నది కంపెనీ సూచన. అప్పుడు ప్రతి 0.1 మిల్లీలీటరులో 4 యూనిట్లు ఉంటాయి. అనుభవజ్ఞులు కొన్ని కారణాల వల్ల 1 మిల్లీలీటరుతోనో, 4 మిల్లీలీటర్లతోనో కలుపుతారు. సెలైన్ ఎక్కువ కలిపినంత మాత్రాన మోసం జరిగినట్టు కాదు. శరీరంలోకి వెళ్ళిన యూనిట్లు సరిగా ఉంటే, నీరు కాస్త ఎక్కువైనా మోతాదు అదే. కాకపోతే నీరు ఎక్కువైతే మందు పక్కలకు ఎక్కువ దూరం పాకే అవకాశం ఉంటుంది కాబట్టి కంటికి దగ్గరగా వేసేటప్పుడు తక్కువ నీరున్న మిశ్రమాన్నే చాలామంది ఎంచుకుంటారు. పలచన చేసి, యూనిట్ల లెక్క మాత్రం పాతదే చెప్పి, అదే ధర వసూలు చేసినప్పుడు అది మోసమవుతుంది.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది. ఈ ఇంజెక్షన్లకు తరచుగా ఇన్సులిన్ సిరంజి వాడతారు, దాని మీద కూడా ‘యూనిట్లు’ అనే రాసి ఉంటుంది. అవి ఇన్సులిన్ యూనిట్లు, టాక్సిన్ యూనిట్లు కావు. భారతదేశంలో ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజీ, నారింజ రంగు మూత ఉన్న 100 యూనిట్ల సిరంజీ రెండూ దొరుకుతాయి. 2.5 మిల్లీలీటర్లతో కలిపిన బొటాక్స్‌ను ఎర్ర మూత సిరంజిలోకి తీసుకుంటే ఒక గీత సరిగ్గా ఒక బొటాక్స్ యూనిట్ అవుతుంది. అదే మందును నారింజ మూత సిరంజిలోకి తీసుకుంటే పది గీతలు కలిస్తేనే 4 యూనిట్లు. గీతలను చూసి ‘నాకు 50 వేశారు’ అని ఇంటికి వచ్చి చెప్పేవారిలో కొందరు నిజానికి 20 యూనిట్లే వేయించుకుని ఉంటారు. వయల్‌లో ఎన్ని యూనిట్లు ఉన్నాయి, ఎన్ని మిల్లీలీటర్లు కలిపారు, నాకు ఎన్ని మిల్లీలీటర్లు వేశారు అని అడిగితే మిగతాది ఇంటి దగ్గర వేసుకోదగిన లెక్కే.

ఒకే వయసు వాళ్ళం, ముడతలూ ఒకేలా ఉన్నాయి. మరి మోతాదు ఎందుకు వేరు?

మోతాదును నిర్ణయించేది గీత లోతు కాదు, దాని కింద ఉన్న కండరం. కనుబొమలు గట్టిగా ముడివేయమన్నప్పుడు ఒకరికి కండరం ముద్దలా లేచి వస్తుంది, మరొకరికి చర్మం మీద సన్నని కదలిక మాత్రమే ఉంటుంది. మంచి వైద్యుడు మీ ముఖం విశ్రాంతిగా ఉన్నప్పుడు చూడటంతో ఆగడు. కోపంగా చూడమంటాడు, ఆశ్చర్యపొమ్మంటాడు, నవ్వమంటాడు, అవసరమైతే వేలితో నొక్కి కండరం బలం అంచనా వేస్తాడు. అసలు అలా చూడకుండానే సూది తీసిన చోట నేనైతే కుర్చీలోంచి లేచి వస్తాను.

పురుషులకు ముఖ కండరాలు సాధారణంగా పెద్దవి కాబట్టి వాళ్ళకు యూనిట్లు ఎక్కువ కావలసి రావచ్చు. స్త్రీలకు సరిపోయిన మోతాదునే వేస్తే ఫలితం పేలవంగా ఉండి, ‘ఈ మందు నాకు పనిచేయదు’ అని వాళ్ళు తీర్మానించుకుంటారు. వయసు పెరిగి చర్మం వదులైన వారికి కొన్ని చోట్ల తగ్గించి వేయాలి.

గీత రెండు రకాలుగా ఉంటుందని కూడా తెలిసి ఉండాలి. ముఖం కదిలినప్పుడే కనిపించేది ఒకటి, కదలకపోయినా చెక్కినట్టు ఉండేది మరొకటి. మొదటిదానికి ఈ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. రెండోది ఎన్నో ఏళ్ళ మడత వల్ల చర్మంలోనే పడిన గాడి. యూనిట్లు రెట్టింపు చేసినా అది పూర్తిగా పోదు. దానికి ఫిల్లర్లు (గాడిని కింది నుంచి నింపే ఇంజెక్షన్లు), లేజర్ వంటి వేరే చికిత్సలు ఉన్నాయి. గాడి పోలేదని మోతాదు పెంచమని అడగడం, చొక్కా ముడత పోలేదని ఇంకా నీళ్ళు చల్లడం లాంటిది.

నుదుటికి మాత్రమే వేయించుకోవచ్చా? కనుబొమల మధ్య ఎందుకంటున్నారు?

మోతాదు విషయంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కనుబొమలను పైకి లేపే పని చేసేది నుదుటి మీది ఫ్రాంటాలిస్ అనే పలచని కండరం ఒక్కటే. కిందికి లాగేవి మాత్రం చాలా ఉన్నాయి: బొమల మధ్యన ఉండే కొరుగేటర్, ప్రోసెరస్, కంటి చుట్టూ వలయంలా ఉండే కండరం. నుదుటి కండరాన్ని ఒక్కదాన్నే వదులు చేస్తే లేపేది పడుకుంటుంది, లాగేవి మేలుకునే ఉంటాయి. ఫలితంగా కనుబొమలు కిందికి దిగి, కళ్ళ మీద బరువు పెట్టినట్టు అనిపిస్తుంది. నుదుటికి వేసేటప్పుడు కిందికి లాగే కండరాలకు కూడా 20 యూనిట్లు వేయమని చెప్పడానికి కారణం అదే.

యాభై దాటినవారిలో మరో మెలిక ఉంది. వయసుతో పైరెప్ప కొంచెం వాలినప్పుడు, మనకు తెలియకుండానే నుదుటి కండరంతో రెప్పను ఎత్తి పట్టుకుని చూస్తుంటాం. ఆ నుదుటి గీతలు ఒక రకంగా చూపు కోసం పడిన శ్రమ గుర్తులు. అలాంటివారికి పూర్తి మోతాదు వేస్తే గీతలు పోతాయి కానీ రెప్ప వాలిపోతుంది. వైద్యుడు మీ బొమలను వేలితో ఆపి కళ్ళు తెరవమన్నాడంటే ఆ సంగతే పరీక్షిస్తున్నాడన్నమాట.

నుదుటి మధ్యలో ఎక్కువ వేసి, పక్కల వదిలేస్తే బొమల చివరలు మాత్రం పైకి లేచి, నాటకంలో రాక్షస పాత్ర వేసినవాడి బొమల్లా కనిపిస్తాయి. దాన్ని సరిచేయడం తేలికే. లేచిన చోటికి పైన ఒకటి రెండు యూనిట్లు వేస్తే చాలు.

‘బేబీ బొటాక్స్’ అంటే తక్కువ ప్రమాదమా?

అది వేరే మందు కాదు, అదే మందును సాధారణ మోతాదు కంటే తగ్గించి, ఎక్కువ చోట్ల కొద్దికొద్దిగా వేయడానికి పెట్టుకున్న ప్రచారపు పేరు. ముఖ కవళికలు కొంతవరకు ఉండాలనుకునేవారికి, నటులకు, వార్తలు చదివేవారికి ఇది నప్పుతుంది. మొదటిసారి వేయించుకునేవారు తక్కువతో మొదలుపెట్టడంలో తెలివి ఉంది, ఎందుకంటే తక్కువైతే తర్వాత కలపవచ్చు, ఎక్కువైన దాన్ని మాత్రం తీయలేం. అయితే తక్కువ మోతాదు తక్కువ కాలం ఉంటుంది. మూడు నెలలకు బదులు రెండు నెలలకే పోయిందంటే ఆశ్చర్యపోనవసరం లేదు.

ఎన్ని రోజులకు పనిచేస్తుంది? పెళ్ళికి ఎంత ముందు వేయించుకోవాలి?

సాధారణంగా మూడో రోజుకు తేడా మొదలవుతుంది, రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. డాక్సిఫై పరీక్షల్లో ఫలితం సగం మందిలో ఆరు నెలల దాకా ఉన్నట్టు తేలింది. మందు శరీరంలో అన్నాళ్ళు ఉంటుందని దీని అర్థం కాదు. అది నాడి కొసలో చేసిన మార్పు నెమ్మదిగా సర్దుకుని, కండరానికి మళ్ళీ ఆదేశాలు అందడానికి అంత కాలం పడుతుంది.

ముహూర్తానికి వారం ముందు వేయించుకోవడం మంచిది కాదు. కనీసం నాలుగు వారాలు ముందుగా పెట్టుకుంటే సూది మచ్చ కమిలినా తగ్గడానికి, ఒక పక్క బొమ కాస్త ఎత్తుగా అనిపిస్తే సరిచేయడానికి సమయం ఉంటుంది. మొదటిసారి వేయించుకునేవారు ఇంకా ముందు వేసవిలో ఒకసారి చూసుకుని, మాఘమాసపు పెళ్ళికి రెండోసారి వేయించుకుంటే తమ ముఖం మందుకు ఎలా స్పందిస్తుందో ముందే తెలిసి ఉంటుంది.

వారం గడిచినా గీతలు కనిపిస్తున్నాయి. ఇంకో నాలుగు యూనిట్లు వేయమని అడగాలా?

రెండు వారాలు ఆగండి. అప్పటికీ ఒక పక్క కదులుతుంటే కొద్ది యూనిట్లతో టచప్ చేస్తారు. పూర్తి చికిత్సను మాత్రం మూడు నెలల లోపు మళ్ళీ చేయకూడదన్నది నియమం. తరచుగా, ఎక్కువ మోతాదులు వెళుతుంటే శరీరం ఆ ప్రొటీనును శత్రువుగా గుర్తించి యాంటీబాడీలను తయారుచేసుకోవచ్చు. అవి తయారైతే మందు పనిచేయడం మానేస్తుంది. సౌందర్య మోతాదుల్లో ఇది అరుదే, పెద్ద మోతాదులు వేసే నరాల జబ్బుల చికిత్సలో ఎక్కువగా కనిపిస్తుంది. అయినా, అవసరం లేని టచప్‌లకు దూరంగా ఉండటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

కనురెప్ప వాలిపోయింది. విరుగుడు ఉందా?

ఫిల్లర్లలో ఒక రకాన్ని కరిగించడానికి ఇంజెక్షన్ ఉన్నట్టు దీనికి లేదు. బొటులిజం వ్యాధికి వాడే యాంటీటాక్సిన్ కూడా నాడిలోకి ఇప్పటికే వెళ్ళిపోయిన మందును వెనక్కి తీయలేదు. బొటాక్స్ మీద కనుబొమల మధ్య గీతలకు జరిగిన పరీక్షల్లో సుమారు 3 శాతం మందికి రెప్ప వాలింది. మందు బొమ ఎముక అంచు దాటి, రెప్పను ఎత్తే కండరానికి చేరడం వల్ల ఇలా జరుగుతుంది. అందుకే పొడుపులు ఎముక అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైన ఉండాలంటారు. అంటే ఇందులో యూనిట్ల సంఖ్యతోపాటు సూది దిగిన చోటుకూ బాధ్యత ఉంది.

ఇది కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఈలోగా వైద్యుడు ఆప్రాక్లోనిడిన్ చుక్కలు రాయవచ్చు. అవి రెప్పలోని మరో చిన్న కండరాన్ని బిగించి, రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేపుతాయి. కంటిలో వేసే చుక్కలు కాబట్టి దుకాణంలో సొంతంగా కొనుక్కోకూడదు.

ఏ మోతాదులోనూ వేయించుకోకూడనివారు ఎవరు?

మయస్థీనియా గ్రావిస్, లాంబర్ట్-ఈటన్, ఏఎల్‌ఎస్ వంటి నాడీ-కండరాల జబ్బులున్నవారికి మామూలు మోతాదే ఎక్కువ కావచ్చు. ఇంజెక్షన్ వేయాల్సిన చోట సెగగడ్డ, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, ఇంతకుముందు ఈ మందు పడనప్పుడు వేయకూడదు. డిస్‌పోర్ట్‌లో ఆవుపాల ప్రొటీను లేశమాత్రంగా ఉండవచ్చు కాబట్టి పాల ప్రొటీను అలర్జీ ఉన్నవారు దానికి దూరంగా ఉండాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు భద్రత మీద సరిపడా పరీక్షలు లేవు, అందుకని వాయిదా వేయడమే పద్ధతి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మందు ప్రభావాన్ని పెంచుతాయి. ఆస్పిరిన్ వంటివి వాడేవారికి కమిలిన మచ్చలు ఎక్కువగా వస్తాయి, కానీ గుండె కోసం రాసిన మందును ఈ ఇంజెక్షన్ కోసం సొంతంగా ఆపవద్దు.

బొటాక్స్‌తో సహా చాలా బ్రాండ్లలో మానవ రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ఉంటుంది. వైద్యపరంగా కాకపోయినా, నియమనిష్ఠల కారణంగా ఈ సంగతి ముందే తెలుసుకోవాలనుకునేవారు మనలో ఉంటారు.

మైగ్రేన్‌కు ఇదే మందు తీసుకుంటున్నాను. ముడతలకు కూడా వేయించుకోవచ్చా?

ఆ సంగతి ఇద్దరు వైద్యులకూ చెప్పాలి. దీర్ఘకాలిక మైగ్రేన్‌కు బొటాక్స్ మోతాదు 155 యూనిట్లు, అందులో కొంత నుదుటికీ కనుబొమల మధ్యకూ వెళుతుంది. అంటే ముడతల చోటికి మందు ఇప్పటికే చేరింది. పెద్దలకు అన్ని కారణాలూ కలిపి మూడు నెలల్లో 400 యూనిట్లు దాటకూడదన్నది బొటాక్స్ పరిమితి. చెమట ఎక్కువ పట్టేవారికి చంకల్లో వేసే 50 యూనిట్ల చొప్పున 100, చేతుల వణుకుకో మెడ పట్టుకో వేసేవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

వయల్ చూపించమని అడిగితే బాగుంటుందా?

బాగుంటుంది, అడగాలి కూడా. 2004లో ఫ్లోరిడాలో నలుగురు, మనుషులకు వాడటానికి కాని పరిశోధనశాల టాక్సిన్ వేయించుకుని బొటులిజంతో ఆస్పత్రి పాలయ్యారు. 2024లో అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో నకిలీ బొటాక్స్ వల్ల జనం జబ్బు పడటంతో అక్కడి ఆరోగ్య సంస్థలు హెచ్చరిక జారీ చేశాయి. నకిలీ వయల్‌లో ఎన్ని యూనిట్లున్నాయో ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ మోతాదు అన్న మాటకే అర్థం లేదు.

పెట్టె మీద బ్రాండు పేరు, యూనిట్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, మన దేశంలోనైతే దిగుమతి లైసెన్సు వివరాలు చూడండి. తెరవని బొటాక్స్ వయల్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. కలిపిన తర్వాత 24 గంటల్లో వాడేయాలని, ఒక వయల్‌ను ఒక్కరికే వాడాలని ప్యాకింగ్ పత్రం చెబుతుంది. ఖరీదైన మందు కాబట్టి ఒకే రోజు నలుగురైదుగురిని పిలిచి ఒక వయల్ పంచే అలవాటు చాలా చోట్ల ఉంది. అందువల్ల ‘ఇది ఎప్పుడు కలిపారు?’ అన్న ప్రశ్న కూడా అడగండి. ఇది వైద్యుడి చీటీ మీదే ఇవ్వాల్సిన మందు. బ్యూటీ పార్లర్‌లో, హోటల్ గదిలో, ‘బొటాక్స్ పార్టీ’లో వేయించుకోకండి. ఇంగ్లండ్‌లో 2021 అక్టోబరు 1 నుంచి 18 ఏళ్ళలోపు వారికి సౌందర్యం కోసం ఇది వేయడం నేరం.

యూనిట్‌కు ఇంత అన్న ధర మంచిదా, భాగానికి ఇంత అన్నది మంచిదా?

యూనిట్ లెక్కన చెల్లిస్తే మీకు ఎంత మందు వెళ్ళిందో రసీదు మీదే ఉంటుంది. భాగం లెక్కన చెల్లిస్తే తక్కువ వేసి మిగుల్చుకునే ఆశ క్లినిక్‌కు ఉంటుంది, కానీ టచప్ ఉచితమంటే ఆ లోటు పూడవచ్చు. రెండు క్లినిక్‌ల ధరలు పోల్చేటప్పుడు బ్రాండు ఒకటేనా అని చూడాలి. డిస్‌పోర్ట్ యూనిట్ ధర తక్కువగా కనిపించడానికి కారణం మీకిప్పుడు తెలుసు.

అమెరికాలో ఉంటాను, సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు వేయించుకోవాలనుకుంటున్నాను. ఏం దగ్గర పెట్టుకోవాలి?

కిందటిసారి తేదీ, బ్రాండు, బ్యాచ్ నంబరు, ఎంత సెలైన్ కలిపారు, ముఖం బొమ్మ మీద ఏ చుక్క దగ్గర ఎన్ని యూనిట్లు వేశారు అన్న కాగితం. చాలా క్లినిక్‌లు ఆ బొమ్మను తమ రికార్డులో ఉంచుకుంటాయి, అడిగితే నకలు ఇస్తాయి. అక్కడ వాడిన బ్రాండు ఇక్కడ దొరకకపోతే పాత అంకెను కొత్త మందుకు అంటించకుండా, వైద్యుడిని మళ్ళీ మొదటి నుంచి అంచనా వేయమనండి. తిరుగు ప్రయాణానికి ముందు రెండు వారాలు ఊళ్ళో ఉండేలా చూసుకుంటే టచప్‌కు కూడా వీలుంటుంది.

ఇంజెక్షన్ రోజున బొట్టు పెట్టుకోవచ్చా?

కనుబొమల మధ్య వేసే అయిదు పొడుపుల్లో ఒకటి దాదాపు బొట్టు పెట్టుకునే చోటే పడుతుంది. సూది రంధ్రం పూడేదాకా, అంటే ఆ రోజుకు, అక్కడ కుంకుమ అద్దడం, స్టిక్కర్ నొక్కి అంటించడం మానేయండి. ఆ చోటును రుద్దడం, ఫేషియల్ చేయించుకోవడం, తలంటుకుని నుదురు మర్దించడం కూడా మర్నాటికి వాయిదా వేయండి. నాలుగు గంటలు పడుకోవద్దని చాలామంది వైద్యులు చెబుతారు. దానికి గట్టి రుజువు లేకపోయినా పాటించడం వల్ల పోయేదేమీ లేదు. మర్నాటి నుంచి మీ బొట్టు మీ ఇష్టం.